చిట్టి మరమనిషి నటించు లఘుచిత్రములు

జానెడో మూరెడో ఎత్తుగల మరమనిషిని నాయకుడుగా నిలిపి, ఇంటిలోనో బడిలోనో దొరకు సామగ్రితో రెండు మూడు నిమిషముల చలనచిత్రమును తీయుట ఇరువదియొకటవ శతాబ్దపు తొలి దశాబ్దములో వ్యాపించిన యొక వేడుక. దీనిని వృత్తిగా చేపట్టినవారికంటె సరదాగా చేసినవారే యెక్కువ. పైకి బాలుర ఆటగా కనబడు ఈ పనిలో యంత్రశాస్త్రము, నాటకకళ, భాష అను మూడును కలిసియున్నవి. వీనిలో యంత్రము చేయునది ఎంత, మనిషి చేయవలసినది ఎంత యని విచారించినచో, తెలుగు నాడునకు వెలుపల తెలుగు చదువుకొను పిల్లలకు ఈ వేడుక ఎట్లు ఉపకరింపగలదో కూడ తేటపడును.

రంగస్థలమున పుట్టిన మాట

"రోబో" అను మాట యంత్రశాలలో గాక నాటకశాలలో పుట్టినది. చెక్ రచయిత కారెల్ చాపెక్ 1920లో ప్రకటించిన "ఆర్. యు. ఆర్." అను నాటకములో దీనిని వాడెను. ఆ నాటకము 1921లో ప్రాగ్ నగరమున ప్రదర్శింపబడినది. మాటను సూచించినవాడు తన అన్న యోసెఫ్ అని చాపెక్ స్వయముగా చెప్పెను. చెక్ భాషలో "రొబొత" యనగా వెట్టిచాకిరి.

ఆ నాటకములో రోబోల వేషములను వేసినవారు మనుష్యులే. 1927లో విడుదలయైన "మెట్రోపోలిస్" అను జర్మన్ చిత్రమున మరస్త్రీ కవచములో నిలిచి నటించినది బ్రిగిట్టె హెల్మ్ అను నటి. 1977 నాటి "స్టార్ వార్స్" చిత్రములోని ఆర్టూ-డీటూ యను పొట్టి యంత్రములోపల కెన్నీ బేకర్ అను నటుడు కూర్చుండెను. 2010లో శంకర్ దర్శకత్వమున తమిళమున "ఎందిరన్" గాను, తెలుగున "రోబో" గాను వచ్చిన చిత్రములో రజనీకాంత్ మరమనిషి పాత్రను ధరించెను. యంత్రపు వేషమును మనిషి వేయుట పూర్వాచారము. లఘుచిత్రములలో ఈ వరుస తలక్రిందులైనది. ఇచట మనిషి వేషమును యంత్రము వేయును.

ఇంటికి వచ్చిన యంత్రములు

ఈ మార్పునకు కారణము చిన్న మరమనుషులు అంగడికి వచ్చుటయే. జపానులో 2002లో "రోబో-వన్" అను పోటీలు ప్రారంభమైనవి. అభిరుచిగలవారు తామే కూర్చిన రెండుకాళ్ళ మరమనుషులు అందు కుస్తీ పట్టెడివి. 2004లో అదే దేశపు కొండో సంస్థ "కె.హెచ్.ఆర్.-1" అను మరమనిషిని విడిభాగములుగా పెట్టెలో పెట్టి అమ్మజొచ్చెను. దాని యెత్తు 34 సెంటీమీటర్లు. కీళ్ళను నడపు మోటార్లు 17. అదే సంవత్సరమున హాంకాంగుకు చెందిన వావ్‌వీ సంస్థ, మార్క్ టిల్డెన్ రూపకల్పన చేసిన "రోబోసేపియన్"ను ఆటబొమ్మల దుకాణములకు పంపెను. కొరియా దేశపు హైటెక్ సంస్థ 16 మోటార్ల "రోబోనోవా-1"ను అందించెను. 2007లో తకారా టోమీ సంస్థ తెచ్చిన "ఐ-సోబాట్" ఎత్తు 16.5 సెంటీమీటర్లే, ఐనను అందు 17 మోటార్లు ఇమిడియుండెను. ఫ్రాన్సు దేశమున పుట్టిన "నావో" 58 సెంటీమీటర్ల యెత్తుతో విశ్వవిద్యాలయములలోను పాఠశాలలలోను ప్రవేశించెను.

2005లో బెక్ అను అమెరికా గాయకుని పాటకు సోనీ సంస్థవారి "క్యురియో" మరమనుషులు నాలుగు నర్తించిన చిత్రము వెలువడెను. వీడియోలను లోకమునకు చూపు యూట్యూబు స్థాపింపబడినదియు ఆ యేడే. కావున ఒకరు తమ వంటయింటి బల్లమీద తీసిన చిత్రము ఖండాంతరమున నున్నవారు చూచుట సాధ్యమైనది. 2011లో హెదర్ నైట్ అను యంత్రశాస్త్రజ్ఞురాలు న్యూయార్కులో మరమనుషుల చిత్రముల కొఱకే యొక ఉత్సవమును నడపెను.

నటనకు పనికివచ్చుటను బట్టి ఈ యంత్రములు రెండు తెగలు. కొన్నిటికి నడచుట, చేయి యెత్తుట, నర్తించుట మున్నగు చేష్టలను తయారుచేసినవారే నేర్పి పంపుదురు. మీట నొక్కినచో ఆ చేష్ట జరుగును. రోబోసేపియన్ ఇట్టిది. మరికొన్నిటికి ప్రతి కీలును ఎంత మేర ఎప్పుడు త్రిప్పవలెనో యజమానియే నేర్పవచ్చును. చిత్రము తీయుటకు రెండవ తెగయే మేలు. ఏలయన కథకు తగిన చేష్ట సిద్ధముగా నుండుట అరుదు.

కదలిక యెట్లు పుట్టును?

ఇట్టి మరమనిషి కీలులో నుండు యంత్రమునకు సర్వో అని పేరు. చిన్న మోటారు, వేగమును తగ్గించి బలమును పెంచు పళ్ళచక్రములు, ఇరుసు ఎంత తిరిగినదో తెలుపు సాధనము, ఈ మూడింటిని నడపు విద్యుద్వలయము – ఇవి దాని అంగములు. సాధారణమైన సర్వోకు సెకనునకు 50 సారులు విద్యుత్తు తట్టు ఒకటి అందుచుండును. ఆ తట్టు సెకనులో వేయింట ఒకటిన్నర వంతు నిలిచినచో ఇరుసు నడుమ నిలుచును. అంతకు తగ్గినచో ఒక ప్రక్కకు, హెచ్చినచో వేరొక ప్రక్కకు తిరుగును. ఆజ్ఞ అందిన స్థానమునకు చేరువఱకు సర్వో ఊరకుండదు. ఎవరైన చేయి పట్టి ప్రక్కకు నెట్టినను మరల అచటికే రాజూచును.

మరమనిషికి "నటన" నేర్పుటయనగా భంగిమల పట్టికను వ్రాయుటయే. మొదటి భంగిమలో ప్రతి కీలు ఎచట నుండవలెను, రెండవదానిలో ఎచట, నడుమ ఎంత కాలము పట్టవలెను – ఇంతే దానికి తెలియును. నడిమి స్థానములను కంప్యూటరు లెక్కగట్టి నింపును. రోబోనోవాలో ఈ పని మరింత సులభము: మోటార్ల పట్టును సడలించి, చేతులను కాళ్ళను వ్రేళ్ళతో త్రిప్పి కావలసిన తీరున నిలిపి, ఆ భంగిమను అట్లే యంత్రపు జ్ఞాపకములో నిలుపవచ్చును. మట్టిబొమ్మను చేయువాని పనికిని దీనికిని పోలిక కలదు.

రెండుకాళ్ళపై నిలుచు యంత్రమునకు పడిపోవుటయే పెద్ద భయము. దాని బరువునకు కేంద్రమగు బిందువునుండి నిట్టనిలువుగా జారవిడిచిన గీత పాదముల మేరలో పడవలెను. వెలుపల పడినచో యంత్రము బోర్లపడును. కావున కుడికాలు ఎత్తుటకు ముందు మొండెమును ఎడమకాలిమీదికి ఒరగింపవలెను. చేయి ముందుకు చాచునప్పుడు నడుమును కొంచెము వెనుకకు వంపవలెను. నున్నని పలకలమీద పాదము జారును. మెత్తని తివాచీమీద తడబడును. గట్టిగానుండి కొంత గరుకుగానుండు నేలయే యనుకూలము. ఎక్కువసేపు బరువు మోసిన సర్వో వేడెక్కును. పడుచు లేచుచు నుండగా పళ్ళచక్రములు అరుగును. అందుచేత ఒక్కొక్క దృశ్యమునకు నడుమ దానికి విరామమియ్యక తప్పదు.

తోలుబొమ్మకును మరబొమ్మకును భేదము

ప్రాణములేని బొమ్మ మనిషివలె ఆడుట తెలుగువారికి క్రొత్త కాదు. తెల్లని తెరవెనుక దీపములు వెలిగించి, నిలువెత్తు తోలుబొమ్మల నాడించుచు, ఆడించువారే పాడుచు మాటలాడుచు, కాళ్ళక్రింది బల్లలను త్రొక్కి చప్పుడు చేయుచు రామాయణ భారత కథలను తెల్లవార్లు ప్రదర్శించిన సంప్రదాయము తెలుగు నాట నున్నది. బంగారక్క, జుట్టుపోలిగాడు, కేతిగాడు ఆ యాటలో నవ్వు పుట్టించు పాత్రలు. నేటి శ్రీ సత్యసాయి జిల్లాలోని నిమ్మలకుంటలో ఆ కళ నిలిచియున్నది. ఆ గ్రామమునకు చెందిన దళవాయి చలపతిరావు 2020లో పద్మశ్రీ బిరుదమునకు ఎన్నికయ్యెను.

తోలుబొమ్మ కదలునంతసేపు దానిని పట్టిన చేయి వెనుక నుండును. ప్రేక్షకులు నవ్వినచో ఆ చేయి ఒక క్షణము ఆగును. నిద్రమత్తులో నున్నచో వేగము పెంచును. మరబొమ్మకు ఆ చేయి ముందుగనే పని ముగించి తప్పుకొనును. ప్రదర్శన జరుగునప్పుడు యంత్రము పాఠము ఒప్పగించుచుండును. పదిసారులు ఆడించినను పదిసారులును దాదాపు ఒక్కతీరే. చిత్రము తీయువారికి ఇది గొప్ప సౌకర్యము. ఒకే చేష్టను దూరమునుండి ఒకసారి, దగ్గరనుండి ఒకసారి, ప్రక్కనుండి ఒకసారి తీసి ముక్కలను అతికినచో అతుకు కనబడదు. మనుష్యనటునిచేత ఇంత కచ్చితముగా చేయించుట దుర్లభము.

బొమ్మను కొంచెము కొంచెము జరుపుచు ఒక్కొక్క నిశ్చలచిత్రమును తీసి కూర్చు పద్ధతి మరియొకటి యున్నది. లాడిస్లాస్ స్టారెవిచ్ 1912లోనే చచ్చిన పురుగుల శరీరములను బొమ్మలుగా చేసి, ఆ పద్ధతిలో రష్యాలో కథాచిత్రమును తీసెను. సెకనునకు 24 చిత్రముల చొప్పున నిమిషమునకు 1,440 చిత్రములు కావలెను. మరమనిషి తానుగా కదలును గనుక ఆ శ్రమ లేదు. దానికి మారుగా భంగిమల పట్టికను ముందే సిద్ధము చేయు శ్రమ కలదు.

ముఖములేని నటుడు

చిన్న మరమనిషి ముఖము కదలదు. కనుబొమలు లేవు, పెదవులు లేవు. అట్లయినచో దుఃఖమును సంతోషమును ఎట్లు చూపవలెను?

దీనికి సమాధానము చలనచిత్రపు తొలినాళ్ళలోనే దొరకినది. రష్యా దర్శకుడు లెవ్ కులెషొవ్ 1920 ప్రాంతమున చేసిన ప్రయోగము ప్రసిద్ధము. ఒక నటుని ముఖము ఏ భావమును లేక నిశ్చలముగానున్న చిత్రమును తీసికొని, దానిప్రక్కన ఒకసారి సూపు గిన్నెను, ఒకసారి శవపేటికను అతికి చూపగా, ప్రేక్షకులకు అదే ముఖమున ఒకసారి ఆకలియు ఒకసారి శోకమును కనబడినవని చెప్పుదురు. భావమును పూరించినది చూచువారి మనస్సు. జపాను దేశపు "నో" నాటకములోని కొయ్యముసుగును కొంచెము పైకెత్తినచో ముఖము వెలిగినట్లును, కొంచెము దించినచో మబ్బుక్రమ్మినట్లును కనబడును. మరమనిషి తలను వంచుట, ఎత్తుట, ఆలస్యముగా త్రిప్పుట, త్రిప్పక యుండుట – ఈ నాలుగింటితోనే చాల పని జరుగును.

కెమేరాను ఎచట నుంచవలెనన్నది దీనికి తోడ్పడు విషయము. నిలుచున్న మనిషి చేతినుండి తీసినచో మరమనిషి నేలమీది ఆటబొమ్మయే. సెల్‌ఫోనును నేలమట్టమునకు దించి, యంత్రపు కన్నులకు సమానమైన ఎత్తులో నిలిపినచో అది పాత్రయగును. కుర్చీకాలు స్తంభమువలెను, గడప గోడవలెను కనబడును.

పరిమాణమునకు కాలముతో కూడ సంబంధము కలదు. 34 సెంటీమీటర్ల యెత్తునుండి విడిచిన వస్తువు దాదాపు పావు సెకనులో నేలకు చేరును. దానికి ఐదురెట్లగు 170 సెంటీమీటర్ల యెత్తునుండి విడిచినది సెకనులో ఇంచుమించు పదింట ఆరు వంతులు తీసికొనును. రెట్లు ఐదైనను కాలము రెండుంబావు రెట్లే. ఏలయన పడుకాలము ఎత్తునకు వర్గమూలమును అనుసరించును. చిట్టి మరమనిషి పడుట నిలువెత్తు మనిషి పడినంత బరువుగా కనబడవలెనన్నచో, సెకనునకు 54 చిత్రముల చొప్పున తీసి 24 చొప్పున చూపవలెను. నవ్వు పుట్టింపవలెనన్నచో తక్కువ చిత్రములు తీసి వేగముగా చూపవలెను.

ఒక చిన్న కథ

యంత్రము చేయగల పనులకంటె చేయలేని పనులే కథకు ఆధారములు. దాని చేతికి వ్రేళ్ళ పట్టు ఉండదు. మెట్లు ఎక్కుట కష్టము. పెద్ద వస్తువును ఎత్తలేదు. "అమ్మమ్మ కళ్ళజోడు పోయినది, మరమనిషి దానిని వెదకి ఇచ్చును" అను కథను ఉదాహరణముగా తీసికొనవచ్చును. అందలి దృశ్యములు ఆరు. మొదటిది: నేలమీద కళ్ళజోడు. రెండవది: తలుపుచాటునుండి మరమనిషి రాక; అది ఆగి తల వంచుట. మూడవది: చేతులతో ఎత్తబోవుట, చేతగాకపోవుట. నాలుగవది: బోర్లపడుట, కొంతసేపు కదలకుండుట. ఐదవది: లేచి, పాదముతో కళ్ళజోడును కొంచెము కొంచెముగా నెట్టుకొనుచు పోవుట. ఆరవది: పైనుండి ముడుతలుపడిన చేయి దిగివచ్చి కళ్ళజోడును అందుకొనుట. నాలుగవ దృశ్యములో రెండు సెకనుల నిశ్చలత్వమే కథకు ప్రాణము. ఆ రెండు సెకనులలో యంత్రము ఏమియు చేయదు. అది నిరాశచెందినదని చూచువారే తలతురు.

మాట యెవరిది?

సర్వోలు తిరుగునప్పుడు కీచుమను చప్పుడు వచ్చును. అందుచే చిత్రము తీయునప్పుడే మాటలను నమోదు చేయుట కుదరదు, తరువాత అతుకవలసినదే. ఐనను మాటను వెనుకకు నెట్టుట పొరపాటు. అనుకూలమైన క్రమము ఇది: మొదట సంభాషణ వ్రాయుట, పిమ్మట దానిని పలికి నమోదు చేసి కాలమును కొలుచుట, ఆ కొలతకు తగినట్లు భంగిమలను పేర్చుట, చివర చిత్రము తీయుట.

కళ్ళజోడు కథలో మరమనిషి "అమ్మమ్మా, నీ కళ్ళజోడు ఇక్కడే ఉంది" అని అనవలెననుకొనుడు. దీనిని పలుకుటకు మూడు సెకనులు పట్టినచో 72 చిత్రములు. "అమ్మమ్మా" అను సంబోధనకు తల ఎత్తవలెను. "ఇక్కడే" అనునప్పుడు చేయి క్రిందికి చూపవలెను. ఏలయన అచ్చట అవధారణార్థకమగు ఏకారము కలదు. మాటను "నీ కళ్ళజోడే ఇక్కడుంది" అని మార్చినచో బరువు "కళ్ళజోడే" అను పదముమీదికి జరుగును. చేయి అంతకుముందే లేవవలెను. "నీ కళ్ళజోడు ఇక్కడ ఉందా?" అన్నచో చేయి లేవనేకూడదు, తల ఒక ప్రక్కకు వాలవలెను. వ్యాకరణపుస్తకములో ఒక పంక్తిగా కనబడు ఏకారము ఇచట ఒక మోటారును ఏ క్షణమున త్రిప్పవలెనో నిర్ణయించును. పాఠముగా చెప్పినప్పుడు చెవికెక్కని భేదము, చేయి తప్పు మాటకు లేచినప్పుడు పిల్లల కంటికే తెలియును.

కర్ణాటక, తమిళనాడు, ఒడిశా, మహారాష్ట్రములలో తరతరములుగా నున్న తెలుగు కుటుంబముల పిల్లలకు దీని విలువ అధికము. 1956 నాటి ఏడవ సవరణచే రాజ్యాంగమున చేరిన 350-ఎ అధికరణము, భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన జరుగుటకు తగిన సౌకర్యములను రాష్ట్రములు కల్పింపవలెనని చెప్పుచున్నది. సౌకర్యమున్నచోట కూడ తెలుగు పరీక్షకు చదువు విషయముగా మిగిలిపోవు ప్రమాదము కలదు. ఇంట మాటాడు తెలుగు వేరు, బడిలో వ్రాయు తెలుగు వేరు; యంత్రములు, కంప్యూటర్లు నున్న గదిలో తెలుగునకు చోటే యుండదు. భారత ప్రభుత్వపు అటల్ నవకల్పనా పథకమున 2016 నుండి ఏర్పడుచు వచ్చిన ప్రయోగశాలలు ఆరవ తరగతి మొదలు పండ్రెండవ తరగతి వఱకు చదువు పిల్లల చేతికి మోటార్లను విద్యుత్పరికరములను అందించినవి. అట్టి గదిలో తయారైన చిట్టి మరమనిషి తెలుగులో మాటాడవలసివచ్చినప్పుడు, ఆ మాటను వ్రాయువారు, పలుకువారు, సరిచూచువారు కావలసివత్తురు. తెలుగునకు అచట ఒక పని దొరకును.

ఇంట నాయనమ్మను "అవ్వ" అనువారు కలరు, "మామ్మ" అనువారు కలరు. కన్నడ, తమిళ, ఒడియా, మరాఠీ మాటలు కొన్ని ఇంటి తెలుగులో కలిసిపోయినవి. చిత్రములో పాత్ర పలుకు మాటలను ఆ యింటి తీరుననే ఉంచుట మేలు. చిత్రపు పేరును, ఆరంభమున వ్రాయు పంక్తులను గ్రంథభాషలో వ్రాయింపవచ్చును. అప్పుడు పిల్లలకు రెండు తెలుగులును తమవే యని తెలియును. ఒకటి తప్పు, ఒకటి ఒప్పు అను భ్రమ తొలగును.

ఇందు జాగ్రత్తపడవలసినది ఒకటి. వ్రాసినదానిని కంప్యూటరే తెలుగులో చదివి వినిపించు సౌకర్యము నేడు కలదు. మరమనిషికి మరగొంతు అతికినట్లే యుండును. పనియు క్షణములో ముగియును. కాని అట్లు చేసినచో చిత్రము పూర్తియగునే కాని ఏ పిల్లవాడును నోరు తెరచి తెలుగు పలికియుండడు. నడక యంత్రమునకు అప్పగింపవచ్చును, నడిమి భంగిమల లెక్క అప్పగింపవచ్చును. గొంతును అప్పగించినచో ఈ శ్రమలో భాషకు మిగులునది లేదు.

తెలుగు నాట తోలుబొమ్మలాడించు కుటుంబములలో పెక్కింటికి ఇంటి భాష మరాఠీ. పూర్వమెప్పుడో వలసవచ్చిన ఆ వంశములవారు ఇంట మరాఠీ మాటాడుకొనుచునే, తెరవెనుక తెలుగు పద్యములు చదివి, తెలుగు హాస్యము పలికి, ఊరూర తెలుగు రామాయణమును వినిపించిరి. బొమ్మకు గొంతు నియ్యవలసివచ్చుటచేతనే ఆ తెలుగు తండ్రినుండి కొడుకునకు, తల్లినుండి కూతునకు అందినది. తెలుగు నాడునకు వెలుపలనున్న తెలుగువారి స్థితి దీనికి తారుమారు. వారికి తెలుగు ఇంటనున్నది. బయట దానికి పని లేదు. పని లేని భాష ఇంటిలో కూడ మెల్లగా మూలబడును. నెలకొక మూడు నిమిషముల చిత్రము పెద్ద పని కాదు. ఐనను దానికి ఒక కథ, ఇరువది వాక్యములు, నాలుగు గొంతులు కావలెను. అవి పిల్లలవి కావలెను, తెలుగువి కావలెను.